కేసనసెట్టి తనయ

ఆతుకూరి మొల్లను గూర్చి మన పాఠశాలలలో చెప్పబడుచున్న కథకును, మొల్ల తన్ను గూర్చి తాను చెప్పుకొనిన మాటలకును నడుమ గల దూరము నానాటికి పెరుగుచున్నది. చదువురాని కుమ్మరిపిల్ల రాయల సభకేగి పండితులచే పరాభవింపబడి, వెంటనే ఆశుకవిత చెప్పి వారి నోళ్లు మూయించెననియు, తెనాలి రామలింగకవితో వీథిలో మాటకు మాట యనెననియు లోకము చెప్పును. బాలురు ఈ కథను ఇష్టముతో విందురు. నేనును ముప్పది యేండ్లు దీనినే చెప్పితిని. ఒకనాడు ఒక విద్యార్థి, "అయ్యా, ఇది యామె పుస్తకమున నెచ్చట నున్నది?" అని యడుగగా, మఱునాడు చూపెదనని మాటయిచ్చి యింటికి వచ్చి గ్రంథమును మొదటినుండి తుదివఱకు తిరుగవేసితిని. చూపుటకేమియు దొరకలేదు. సభ లేదు, రాజు లేడు, రామలింగకవి లేడు. దొరకినది వేఱు. ఒక తండ్రి, ఆ తండ్రి కొలిచిన దైవము, ఆ యింట జరిగెడు అర్చన. ఈ వ్యాసము ఆ వెదకుట వలన పుట్టినది.

మొల్ల జీవితమునకు మనకుగల ముఖ్యాధారములు రెండు. మొదటిది, ఆమె రామాయణముయొక్క అవతారికలోని కొలది పద్యములు. రెండవది, కాండముల తుదను, యుద్ధకాండమున ఆశ్వాసముల తుదను వచ్చెడి గద్యము. అవతారికయందు ఆమె తన తండ్రి కేసన గురులింగజంగములను అర్చించువాడనియు, శివభక్తియందు ఆసక్తుడనియు, బంధువుల మేలు కోరువాడనియు చెప్పి, తాను వాని కూతురననియు, మొల్ల యనుపేరు గలదాననియు పలికినది. తనకు కవిత్వము గోపవరపు శ్రీకంఠమల్లేశుని వరమువలన అబ్బినదని చెప్పినది. గద్యములందు గౌరీశ్వరుని ప్రసాదమును, గురుజంగమార్చనమును, ఆతుకూరి కేసనసెట్టి కూతురగుటను మరల మరల పేర్కొన్నది. ఇంతే. తల్లి పేరు లేదు, భర్త ప్రసక్తి లేదు. భర్తను పేర్కొనలేదు గావున అవివాహిత యని కొందఱును, బాలవితంతువని కొందఱును వ్రాసిరి. మౌనమునుండి ఇంత గట్టి నిర్ణయములు తీయుట సాహసము. ఆమె పేర్కొనదలచినది తండ్రిని, పేర్కొనినది తండ్రిని. అంతవఱకే మనము పోవచ్చును.

వ్యాకరణము చదివిన నా కిచట ఒక విషయము స్మరణకు వచ్చుచున్నది. పాణిని మహర్షిని భాష్యకారుడు దాక్షీపుత్రుడని తల్లిపేరున వ్యవహరించెను. అది యితరులు చేసిన వ్యవహారము. మొల్ల తనకు తానే తండ్రిపేరును తగిలించుకొనినది, అదియును గ్రంథమున ఒకచోట కాదు, ప్రతిమజిలీయందును. కవులు గద్యములందు తండ్రిపేరు చెప్పుకొనుట ఆచారమే గదా, ఇందేమి విశేషమని యడుగవచ్చును. ఆచారమే. తిక్కన చెప్పుకొనెను, ఎఱ్ఱన చెప్పుకొనెను. అయినను వారికి ఆ పేర్లతోపాటు మంత్రిత్వమో, పాండిత్యమో, రాజాశ్రయమో చెప్పుకొనుటకు గలదు. మొల్లకు ఆ పేరును, ఆ యర్చనయుమే గలవు.

ఇంటిపేరును కొంచెము పరిశీలింపవలెను. ఆతుకూరి యనునది ఆతుకూరు అను గ్రామనామముయొక్క ఔపవిభక్తిక రూపము. ఊరిపేరు ఇంటిపేరగుట సాధారణముగా ఆ వంశము ఆ యూరు విడిచి వేఱొకచోట కాపురముండునపుడు జరుగును. స్వగ్రామమున నున్నవారిని ఆ గ్రామము పేరుతో పిలువవలసిన పని యుండదు. కావున కేసన పూర్వులు ఎప్పుడో ఆతుకూరు విడిచి వచ్చినవారని యూహింపవచ్చును. వచ్చినవారు పాత యూరిని పేరులో మోసికొని వచ్చిరి, కొత్త యూరి దైవమును ఇంటి దైవముగా గైకొనిరి. ఆ రెంటిని మొల్ల గ్రంథములోనికి ఎక్కించినది.

గోపవర మెచ్చట? నెల్లూరి సీమలో గోపవరము గలదు, కడప సీమలో బద్వేలు చెంత గోపవరము గలదు. ఈ రెంటికిని నడుమ వెలికొండలు అడ్డముగ నున్నవి. రెండు సీమలవారును మొల్ల మాదే యనుచున్నారు. వాదములోనికి దిగుటకు మున్ను పదసంబంధమును చూడవలెను. ఆమె మాటలో గోపవరము విశేషణముగా అన్వయించునది మల్లేశునికి, తనకు గాదు. అనగా ఆమె చెప్పినది దైవముయొక్క స్థానము. తన నివాసము అచ్చటనే యనుట మన యూహ. ఇది న్యాయమైన యూహయే, అయినను ఊహ యని తెలిసియుండుట మంచిది. ఇక రెండు గోపవరములలో దేనిని గైకొనవలెనన్నచో, నా మొగ్గు బద్వేలు గోపవరమువైపునకు. కడపవాడవు గావున నట్లనుచున్నావని నెల్లూరి మిత్రులు నవ్వుదురు. నవ్వనిండు. కారణము చెప్పెదను.

బద్వేలు సీమకు తూర్పున వెలికొండలు, పడమట లంకమల. నడుమ సగిలేరు పాఱును. వానలు తక్కువ, చెఱువులే బ్రదుకు. ఈ సీమకు చేరువనున్న సిద్ధవటము శ్రీశైలక్షేత్రమునకు దక్షిణద్వారముగా ప్రసిద్ధము. లంకమలలో వెలసిన దేవుడు లంకమల్లేశ్వరుడు. ఉత్తరమున నల్లమలల మీద మల్లికార్జునుడు. ఈ కొండల నడుమ దేవుని పేరు మల్లేశుడగుట సహజము, ఆ దేవుని కొలుచువారింట బిడ్డకు మల్లెజాతి పువ్వు పేరు పెట్టుటయు సహజము. మొల్ల యనగా ఆ తెల్లని పువ్వే. మల్లెపూవులచే అర్చింపబడుటవలన స్వామికి మల్లికార్జున నామము వచ్చెనని శ్రీశైల సంప్రదాయము. తండ్రి కూతురికి పెట్టిన పేరులోనే ఆ యింటి కొలువున్నదని నాకు తోచుచున్నది. ఇది రూఢియైన సాక్ష్యము గాదు, సంభావ్యత మాత్రమే.

ఆ సీమ నిరక్షర కుగ్రామముల సీమ యనుకొనుటయు పొరపాటు. బద్వేలునకు అనతిదూరముననున్న పోరుమామిళ్ల చెఱువు శాసనము 1369వ సంవత్సరమునాటిది. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. వేయిమంది పనివాండ్రు, నూఱు బండ్లు, రెండేండ్ల శ్రమ అని ఆ శాసనము లెక్క చెప్పుచున్నది. అంతేకాక చెఱువు నిర్మించుటకు కావలసిన అంగములు పండ్రెండని సంస్కృతమున శాస్త్రీయముగా ఏర్పఱచి చెప్పుచున్నది. మొల్లకు నూఱేండ్లకు పైగా ముందే ఆ మెట్టభూములలో శాస్త్రమును, సంస్కృతమును, మన్నును కలిసి పనిచేసినవి. కేసన వంటి గృహస్థు చెవిని పండితభాష పడుటకు తావు లేదనుట చెల్లదు.

కుమ్మరి యనుమాటను గూర్చి రెండు పలుకులు. ఆమె తన్ను పరిచయము చేసికొనిన మాటలలో ఆ కులనామము లేదు. సెట్టి యనునది గౌరవవాచకముగా పెక్కు వృత్తులవారికి చెల్లుచుండెను. కుమ్మరి మొల్ల యను ప్రసిద్ధి పరంపరాగతము. దానిని కాదనుటకు కారణ మేమియు లేదు. శాలివాహన వంశీయులమని చెప్పుకొనెడి కుమ్మరులు ఆమెను తమ యింటి యాడుబిడ్డగా నేటికిని తలచుకొనుచున్నారు. ఆ తలంపు గౌరవింపదగినది. మఱియొకటి: శైవభక్తుల కథలలో కుమ్మరులకు పాతకాలమునుండి పీట గలదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కుమ్మర గుండయ్య కుండలను వాయించి పాడగా శివుడు వచ్చి యాడెను. సారె త్రిప్పువాడు, ఆవము కాల్చువాడు భక్తుడై శివునితో సమముగా నిలుచుట ఆ మతమున వింత గాదు. జంగమార్చనమున కులము నడుగు పద్ధతి లేదు. కేసన యింటి ముంగిట జంగములు గంట వాయించుచు నిలిచి పాడినపుడు లోపలినుండి ఆ పాటలను విన్న బాలికను మనము భావింపవచ్చును.

ఇక చదువు మాట. మొల్ల తనకు తెలియనివని ఒక పెద్ద పట్టిక యిచ్చినది. దేశ్యపదములు, సంధులు, సమాసములు, విభక్తులు, ధాతువులు, శయ్యలు, రీతులు, ఛందస్సు, నిఘంటువులు, ఇట్టివి యెన్నియో. వీనిలో నేదియు నెఱుగనని చెప్పి, మల్లేశుని వరముచే కవిత్వము చెప్ప నేర్చితినని ముగించినది. దీనిని పట్టుకొని చదువురాని దనినవారు ఆ పట్టికనే సరిగా చదువలేదు. శయ్యకును రీతికిని భేదము నెఱుగనివాడు ఆ రెంటిని వేఱువేఱుగా లెక్కింపజాలడు. ధాతువన నేమో వినని వానికి అది రాదని చెప్పుటకు మాటయే యుండదు. నా యొద్దకు వచ్చు విద్యార్థులలో నిజముగా వ్యాకరణము రానివారు "నాకు సమస్తము వచ్చు" నందురు. ఏమేమి రావో వరుసగా చెప్పగలుగువాడు సగము చదివినవాడు. అదియునుగాక ఆమె సీసమును, వృత్తమును, కందమును నడిపిన తీరు ఛందస్సు తెలియనివారిది గాదు. ప్రాసయతులలో అచ్చటచ్చట జాఱినదని కొందఱు తప్పులెన్నిరి. ఎన్నవచ్చును, తప్పులు లేని గ్రంథము నేను చూడలేదు.

అయినచో ఆమె యేల అట్లు చెప్పినది? వినయమని సామాన్యముగా చెప్పుదురు. వినయ మొక పాలు. నాకు తోచిన రెండవ పాలు ఇది. చదువునకు మూలము గురువు చెప్పిన శాస్త్రము కాదు, మా యింటి దైవముయొక్క వరము, అని ఆమె వంశమునకు ఆ కీర్తిని చేర్చుచున్నది. శాస్త్రమును ముందు పేర్కొని దానిని ప్రక్కకు త్రోసి, ఆ ఖాళీలో మల్లేశుని నిలిపినది. ఆ పద్యముయొక్క నడక యంతయు తుదిపాదమునందలి దైవము కొఱకే.

ఈ వ్యాసమున నేను ముఖ్యముగా చెప్పదలచినది మొల్ల భాషను గూర్చి. ఆమె కవిత్వమునకు ఆమె పెట్టుకొనిన నియమము ప్రసిద్ధమే. తేనె నాలుక సోకినతోడనే నోరు తీపెక్కునట్లు పద్యము చెవిని పడినతోడనే అర్థము తోపవలెననియు, గూఢశబ్దములు గ్రుచ్చిన కావ్యము మూగవానికిని చెవిటివానికిని జరుగు సంభాషణవంటిదనియు ఆమె మతము. దీనిని మనవారు పల్లెటూరి స్త్రీయొక్క అమాయకత్వముగా, ఇంకొకరు స్త్రీసహజమైన మార్దవముగా వర్ణించిరి. నేను రెంటినొప్పను. విన్నవారికెల్ల తెలియు తెలుగున చెప్పవలెనను పట్టుదల శివకవులది. నన్నెచోడుడు జానుతెనుగును పేర్కొనెను. పాల్కురికి సోమనాథుడు దానిని వ్రతముగా పట్టెను. గద్యపద్యములకంటె జానుతెనుగు ద్విపదయే జనులకు మేలని యాతడు బసవపురాణమున వాదించెను. ఆ వాదము పండితసభలలో పుట్టినది గాదు. భక్తుల గోష్ఠిలో, జంగముల నోట, అన్ని వృత్తులవారును కూర్చుండి వినెడు చోట పుట్టినది. కేసన గురుజంగమార్చనపరుడు. ఆ యింట నడచిన భాష అదియే. కావున మొల్ల సులభశైలి ఆమె చదువులేమి వలన వచ్చినది గాదు, ఆమె తండ్రి యింటి సొత్తు. ఆమె దానిని ద్విపదనుండి పద్యమునకును, శివభక్తుల కథనుండి రామకథకును మార్చి వాడినది. ఈ మార్పును గూర్చి చెప్పక విడువరాదు.

శైవగృహమున పుట్టినది రామకథ యేల చేపట్టినది? సోమనాథుని వంటి వీరమాహేశ్వరుడైనచో దీనిని సహింపడు. ఈ కారణముననే మొల్ల పుట్టింటి మతము విడిచినదని వాదించువారు గలరు. అవతారికను మరల చూడుడు. రామచంద్రుడు చెప్పింపగా చెప్పుచున్నాననియు, మల్లేశుడు వరమీయగా నేర్చితిననియు రెండుమాటలును ఒకే నోట, ఒకే యవతారికలో నున్నవి. గ్రంథమును రామునికే యంకితము చేసినది. కాండము ముగియగనే గౌరీశ్వరుని, జంగమార్చనమును తలచినది. రామకథ నడుచుచుండగా ఎనుకటి గోడవలె తండ్రి మతము నిలిచియున్నది. హరిహరులకు భేదము లేదని తిక్కన శాస్త్రదృష్టితో స్థాపించినదానిని ఈమె ఏ వాదమును లేక ఆచరించినది. రామకథను పూర్వులు చెప్పిరి గదా, మరల నీవేల యనువారికి ఆమె యిచ్చిన సమాధానము గృహిణి యిచ్చునట్టిది: నిన్న భోజనము చేసితిమని నేడు మానుదుమా యని దాని సారము.

గ్రంథము ఆఱు కాండములు, ఉత్తరకాండము లేదు. పద్యములు ఎనిమిదివందల డెబ్బదికి దగ్గఱ. కాండముల పరిమాణములో సమత్వము లేదు. అయోధ్యాకాండము ఏబది పద్యములలోపున ముగిసినది. సుందరకాండము దానికి ఐదుమడుగులకు మించినది. కైకేయి వరములు, దశరథుని మరణము మొదలగు ఇంటి కలహమును ఆమె త్వరత్వరగా దాటినది. పరగృహమున చెఱనున్న సీతకు హనుమంతుడు తన వారి క్షేమము తెలుపుచోట నిలిచి, ఊపిరి పీల్చుకొని చెప్పినది. ఇందు ఆమె మనసు నేనేమియు వివరింపను, చదువరులకే విడుచుచున్నాను. గుహుని ఘట్టము వాల్మీకమున లేనిది. రాతిని ఆడుదానిగా చేసిన పాదధూళి తన యోడను తాకిన నేమగునో యని భయపడి గుహుడు రాముని పాదములు కడిగిన కథ అధ్యాత్మరామాయణ సంప్రదాయమునకు చేరినది. ఓడ పోయినచో కూడు పోవునను బెస్తవాని భయమును ఆమె పరిహాసముగా కాక నిజముగా గ్రహించినది. పనిముట్టు విలువ తెలిసిన యింటిది గదా.

కాలనిర్ణయము క్లుప్తముగా. ఏకామ్రనాథుడు ప్రతాపచరిత్రమున మొల్లను పేర్కొనుటచే ఆమెను కాకతీయ ప్రతాపరుద్రుని కాలమునకు, అనగా పదునాల్గవ శతాబ్ది యారంభమునకు త్రోసినవారు గలరు. అది పొసగదు. మొల్ల పూర్వకవులను స్తుతించుచు శ్రీనాథుని పేర్కొన్నది. శ్రీనాథుని తరువాతిదనుట నిశ్చయము. అష్టదిగ్గజములలో నెవ్వరిని పేర్కొనలేదు. కావున పదునైదవ శతాబ్ది తుదను, పదునాఱవ శతాబ్ది మొదటను ఉండెననుట యుక్తము. కృష్ణదేవరాయల పరిపాలనము 1509 మొదలు 1529 వఱకు. అప్పుడామె జీవించియుండవచ్చును. జీవించియుండుట వేఱు, సభకేగుట వేఱు. పెద్దన మనుచరిత్రమున రాయలను ఎంత వర్ణించెనో యెఱిగినదే. రాజును చూచిన కవి రాజును మఱవడు. మొల్ల గ్రంథమున ఏ రాజును లేడు. కృతిపతి రాముడు, వరదాత మల్లేశుడు, స్మరింపబడిన నరుడు కేసన.

తెనాలి రామలింగకవితో ముడివెట్టిన చాటుకథ అశ్లీలము. దానిని పలుకుటకే నోరు రాదు. అట్టి కథలు రామలింగకవి పేర ఎన్నియో పుట్టినవి, అందొకదానికి ఈమె పేరు తగిలించిరి. స్త్రీ కవిత్వము చెప్పినచో ఆమెను వీథిలో నిలిపి పురుషునితో పందెమాడించుట లోకమునకు వేడుక. 1970లో వచ్చిన కథానాయిక మొల్ల యను చలనచిత్రముతో రాజసభ కథ యింకను వ్యాపించినది. వాణిశ్రీ మొల్ల వేషము వేసిన ఆ చిత్రమును తీసిన పద్మనాభము కడప మండలములోని సింహాద్రిపురమున పుట్టినవాడే. ఆతని తప్పనను, చిత్రమునకు సభ కావలయును. 1986లో హైదరాబాదు హుస్సేనుసాగరు కట్టమీద తెలుగు ప్రముఖుల విగ్రహములతోపాటు మొల్ల విగ్రహమును నిలిపిరి. సంతోషమే. చిత్రమును చూచువారును, విగ్రహమును చూచువారును చరిత్ర కొఱకు రారు. మనయొద్దకు వచ్చు బాలురు చరిత్ర కొఱకు వత్తురు. వారికి సభాకథను చెప్పవలసివచ్చినచో జనశ్రుతి యని చెప్పి చెప్పుడు, చాటుకథను అసలే చెప్పకుడు, గద్యమును మాత్రము కంఠస్థము చేయింపుడు.

కడప సీమలోనే రాజంపేట చెంత తాళ్లపాకలో వేఱొక స్త్రీ కవిత్వము చెప్పినది. అన్నమాచార్యుని భార్య తిమ్మక్క, సుభద్రాకల్యాణమును మంజరీద్విపదలో రచించినది. మొల్లకంటె ముందరిది. అన్నమాచార్యుడు 1408 మొదలు 1503 వఱకు జీవించెను. ఆ వంశమునకు దక్కిన సంరక్షణము అపూర్వమైనది. కుమారుడు పెదతిరుమలాచార్యుడు కవి, మనుమడు చినతిరువేంగళనాథుడు తాత చరిత్రమును ద్విపదగా వ్రాసెను. సంకీర్తనములను రాగిరేకులమీద చెక్కించి తిరుమలలో సంకీర్తనభాండారమున నుంచిరి. నాలుగుతరములవారు కలిసి ఒక యింటి సొత్తును కాచిరి. ఆతుకూరివారికి రాగిరేకులు లేవు, చరిత్ర వ్రాసిన మనుమడు లేడు. కేసనసెట్టి యొకడుండెననియు, బంధువుల మేలు కోరెననియు, జంగములకు అర్చన చేసెననియు మనకు తెలియుచున్నది, కూతురు చెప్పినందున.